పాత కారు ఇంజిన్ ఆయిల్ లీక్: తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్లు దాటిన చిన్న కార్లు నడుపుతున్నవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. మారుతి 800, ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో, పాత స్విఫ్ట్ లాంటి బండ్లను దృష్టిలో పెట్టుకున్నాను. మిగతా కార్లలో భాగాలు ఉండే చోటు మారుతుంది కానీ లీక్‌ను పట్టుకునే పద్ధతి మారదు.

కారు తీశాక నేల మీద మరక కనిపించింది. అది ఇంజిన్ ఆయిలేనని ఎలా తెలుస్తుంది?

రాత్రి కారు పెట్టేటప్పుడు ఇంజిన్ కింద ఒక పెద్ద అట్టముక్క పరచండి. టీవీ డబ్బా అట్ట అయితే సరిగ్గా సరిపోతుంది. ముందు టైర్లు ఎక్కడ ఉన్నాయో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టుకుంటే, పొద్దున్నే చుక్క పడిన చోటుని బట్టి పైన ఏ భాగం ఉందో ఊహించవచ్చు.

గోధుమ రంగులోనో నల్లగానో ఉండి, వేళ్ల మధ్య రాస్తే జారుతుంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగుల్లో పల్చగా ఉంటే కూలెంట్. ఎర్రగా జిడ్డుగా ఉంటే చాలావరకు పవర్ స్టీరింగ్ ఆయిల్. లేత పసుపు రంగులో పల్చగా ఉండి, టైరు లోపలివైపో బ్రేక్ పెడల్ దగ్గరో కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు మాత్రం బండి కదపకుండా మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి.

ఏ రంగూ వాసనా లేని నీళ్లయితే ఏసీ నీళ్లు. ఎండాకాలంలో వీటిని చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారు. అది మామూలే.

ఎంత కారితే కంగారు పడాలి?

చుక్క అంటే సుమారు 0.05 మిల్లీలీటరు. అంటే ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు. రాత్రికి పది చుక్కలు పడ్డా నెలకు పదిహేను మిల్లీలీటర్లే అవుతుంది. నేల మీద మరక భయపెట్టినంతగా ఇంజిన్‌లో ఆయిల్ తగ్గదు.

అయితే ఇది ఆగి ఉన్న ఇంజిన్ లెక్క. నడుస్తున్నప్పుడు ఆయిల్ పంపు కొన్ని దారుల్లోకి మూడు నాలుగు బార్ల ఒత్తిడితో ఆయిల్‌ను నెడుతుంది. ఫిల్టర్, ఆయిల్ ప్రెజర్ స్విచ్, కొన్ని డీజిల్ బండ్లలో ఉండే ఆయిల్ కూలర్, టర్బోకి (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) వెళ్లే పైపు ఈ దారిలోనే ఉంటాయి. ఇక్కడ లీక్ ఉంటే ఇంటి ముందు రెండు చుక్కలే పడొచ్చు. హైవే మీద మాత్రం అర లీటరు పోవచ్చు. హెడ్ కవర్ (ఇంజిన్ పైమూత), క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సీళ్లు, చాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దగ్గర ఈ ఒత్తిడి ఉండదు కాబట్టి అక్కడి లీకులు నెమ్మదిగా ముదురుతాయి.

అందుకని మరక సైజు కంటే డిప్‌స్టిక్‌ను (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) నమ్మండి. ఇంజిన్ మీద చెమ్మ మాత్రమే ఉండి చుక్క పడకపోతే ఆరు నెలలకోసారి తుడిచి చూసుకుంటే చాలు. ఆ చెమ్మ సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వెళ్లే వేడి పైపు) మీదకి గానీ, బెల్టు మీదకి గానీ పాకుతుంటే మాత్రం, ఎంత చిన్నదైనా ఆలస్యం చేయకండి.

డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలగలేదు. అంటే ఆయిల్ సరిపడా ఉన్నట్టేనా?

కాదు. ఆ లైటు చెప్పేది ఆయిల్ ఒత్తిడి గురించి. ఆయిల్ ఎంత ఉందో దానికి తెలియదు. చాంబర్‌లో ఆయిల్ బాగా అడుగంటి, పంపు గాలి పీల్చేదాకా అది వెలగదు. వెలిగేసరికి బేరింగులకు ఆయిల్ అందడం మానేసి ఉంటుంది. నడుస్తుండగా ఆ లైటు వెలిగితే పెట్రోల్ బంక్ దాకా వెళ్దాం, ఊరు దాటాక చూద్దాం అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి.

డిప్‌స్టిక్ చూసే పద్ధతి ఏదైనా ఉందా?

బండి సమతలంగా ఉన్న చోట ఉండాలి. ఇంజిన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, పూర్తిగా దించి, మళ్లీ తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే లెవెల్‌ను పట్టించుకోవద్దు. కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా చాలా కార్లలో ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. చిన్న పెట్రోల్ కార్లలో మొత్తం ఆయిలే దాదాపు మూడు లీటర్లు కాబట్టి, కింది గీత దగ్గరికి వచ్చిందంటే పావు నుంచి మూడో వంతు దాకా పోయినట్టు.

లీక్ ఉంది కదా అని ముందుజాగ్రత్తగా పై గీత దాటించి పోసేవాళ్లున్నారు. అది తప్పు. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, లోపల ఒత్తిడి పెరిగి లీక్ ఇంకా ఎక్కువవుతుంది.

లీక్ బయటపడ్డ రోజు నుంచి కిలోమీటర్ల రీడింగు, ఆయిల్ లెవెల్ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లకు ఎంత తగ్గుతోందో మీ దగ్గర లెక్క ఉంటే మెకానిక్ కూడా మిమ్మల్ని వేరేగా చూస్తాడు.

లీక్ ఎక్కడో కచ్చితంగా కనిపెట్టడం ఎలా?

ఆయిల్ పడే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి. హెడ్ కవర్ దగ్గర మొదలైన తడి ఇంజిన్ బ్లాక్ వెంట జారి, చాంబర్ అంచు పట్టుకుని పాకి, అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు కొస నుంచి చుక్కగా పడుతుంది. కింద నుంచి చూసినవాడికి డ్రెయిన్ బోల్టే దోషి. దానికి తోడు బండి పరుగెడుతుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి కొడుతుంది. కాబట్టి తడి ఉన్న చోట్లన్నిటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఏది ఉందో వెతకాలి.

ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద ఇది తెలియదు. ముందు కడగాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డీగ్రీజర్ చల్లి, పాత పెయింట్ బ్రష్‌తో రుద్ది, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. ఆల్టర్నేటర్, కాయిల్, ఫ్యూజ్ బాక్స్, గాలి పీల్చే పైపు మూతి, వీటికి ప్లాస్టిక్ కవర్లు కట్టడం మరవకండి. షెడ్లలో డీజిల్ కొట్టి కడుగుతారు. శుభ్రం బాగానే అవుతుంది కానీ డీజిల్ రబ్బరు పైపుల్ని ఉబ్బిస్తుంది, దాని జిడ్డు ఆరక అసలు లీక్‌ను కప్పేస్తుంది. తప్పదంటే తర్వాత సబ్బు నీళ్లతో కడగమనండి.

బాగా ఆరాక, అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లండి. ఇంజిన్ బాగా వేడెక్కేలా ఇరవై ముప్పై కిలోమీటర్లు తిప్పి, టార్చిలైటు పట్టుకుని పై నుంచి కిందికి చూస్తూ రండి. తెల్లటి పొడి మీద సన్నని నల్ల గీత కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని పైకి వెళ్తే మొదలు దొరుకుతుంది. వెనకవైపు కనిపించకపోతే ఫోన్ కెమెరా వీడియో మోడ్‌లో పెట్టి లోపలికి చెయ్యి దూర్చండి.

అప్పటికీ దొరక్కపోతే యూవీ డై (అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు) ఉంది. ఆయిల్‌లో కొన్ని మిల్లీలీటర్లు కలిపి, ఒకటి రెండు రోజులు నడిపి, చీకట్లో యూవీ లైటు వేస్తే లీక్ దారి పసుపుపచ్చగా మెరుస్తుంది. ఇంజిన్‌కు హాని లేదు.

మెకానిక్ బానెట్ ఎత్తగానే "చాంబర్ ప్యాకింగ్ పోయింది సార్" అన్నాడు. నమ్మొచ్చా?

ప్యాకింగ్ అంటే అతుకులోంచి ఆయిల్ కారకుండా మధ్యలో వేసే పొర. కడగకుండా చెప్పాడంటే ఊహించి చెప్పినట్టే. అనుభవం ఉన్నవాడి ఊహ చాలాసార్లు నిజమవుతుంది, కాదనను. కానీ చాంబర్ అన్నిటికన్నా కింద ఉంటుంది కాబట్టి పై లీకులన్నీ దాని మీదే చేరతాయి. "అన్నా, ముందు కడిగి, రెండు రోజులు తిప్పి తీసుకొస్తా, అప్పుడు చూద్దాం" అనండి. మంచి మెకానిక్ దీనికి ఏమీ అనుకోడు. "అవన్నీ అక్కర్లేదు, విప్పేద్దాం" అని తొందరపెడితే ఇంకో షెడ్డు చూసుకోండి.

పాత కార్లలో మామూలుగా ఎక్కడెక్కడ లీక్ అవుతుంది?

సులువైనవి ముందు చూడండి. ఈమధ్యే ఆయిల్ మార్పించి ఉంటే ఫిల్టర్ దగ్గర చూడాలి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులవుతాయి. కాసేపు బాగానే ఉండి ఒక్కసారిగా ఆయిలంతా చిమ్మేస్తుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ఒకసారి నలిగిందంటే మళ్లీ సరిగా కూర్చోదు. పది ఇరవై రూపాయల వాషర్‌ను ఆయిల్ మార్చిన ప్రతిసారీ వేయించుకోండి. వాషర్ వేయకుండా బోల్టును బలంగా బిగిస్తే అల్యూమినియం చాంబర్‌లో మరలు పోతాయి. చాలా చిన్న కార్లలో ఆ బోల్టుకు 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు.

ఆయిల్ ప్రెజర్ స్విచ్‌ను చాలామంది మరిచిపోతారు. బొటనవేలంత ఉంటుంది, వైరు తగిలించి ఉంటుంది. లోపలి పొర చిరిగితే ఆయిల్ కనెక్టర్‌లోంచే వస్తుంది. వైరు ఊడదీసి చూస్తే లోపల ఆయిల్ నిండి ఉంటుంది. స్విచ్ మార్చడమే దీనికి మందు, ఎక్కువ ఖర్చు కాదు.

పాత మారుతి 800లో ఇంకో రెండు చోట్లున్నాయి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ హెడ్ చివర గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అక్కడ లీకైన ఆయిల్ నేరుగా గేర్‌బాక్స్ మీద పడి, క్రాంక్ వెనక సీల్ పోయినట్టు నమ్మిస్తుంది. దీని వల్ల అనవసరంగా గేర్‌బాక్సులు దిగిన బండ్లున్నాయి. కార్బురేటర్ మోడల్ అయితే హెడ్‌కు బిగించిన పెట్రోల్ పంపు ప్యాకింగ్ కూడా చూడాలి.

ఇవి దాటాక హెడ్ కవర్ ప్యాకింగ్, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సీల్, క్రాంక్ ముందు సీల్, చాంబర్, చివరగా క్రాంక్ వెనక సీల్. వీటి గురించి కింద విడిగా రాశాను.

సీల్ మార్పించి మూడు నెలలు కాలేదు, మళ్లీ అక్కడే లీక్. నకిలీ పార్టు వేశారా?

కావచ్చు. కానీ నేనైతే ముందు బ్రీదర్ చూస్తాను.

పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత పొగ ఎప్పుడూ కింద చాంబర్‌లోకి జారుతూనే ఉంటుంది. ఇంజిన్ పాతబడేకొద్దీ ఇది పెరుగుతుంది. ఆ పొగను మళ్లీ ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చే దారి) పంపడానికి బ్రీదర్ పైపు, పెట్రోల్ ఇంజిన్లలో దానికి తోడు పీసీవీ వాల్వ్ ఉంటాయి. ఇవి మసితో మూసుకుపోతే లోపలి గాలికి దారి ఉండదు. అది తనతోపాటు ఆయిల్‌ను సీళ్ల అంచుల్లోంచి బయటికి నెడుతుంది. అలాంటి ఇంజిన్‌కు ఎన్ని కొత్త సీళ్లు వేసినా మూడు నెలల ముచ్చటే.

పరీక్ష సులువు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టండి. లోపలికి జారిపోకుండా అంచులు పట్టుకోండి. పెట్రోల్ కారులో కవరు కాస్త లోపలికి లాగినట్టుండాలి, లేదా ఊరికే వణకాలి. బయటికి ఉబ్బి ఎగిరిపోతుంటే దారి మూసుకుపోయి ఉండాలి, లేదంటే రింగులు అరిగి ఉండాలి.

పీసీవీ వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఊపండి. చాలా రకాల్లో లోపల గుండు టకటకలాడుతుంది. చప్పుడు లేకపోతే కార్బురేటర్ క్లీనర్‌తో కడగండి, లేదా మార్చేయండి. పైపు చివరలు మెత్తబడి నలిగిపోయాయేమో కూడా చూడండి. వాల్వ్, పైపు శుభ్రంగా ఉన్నా కవరు ఎగురుతుంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. అప్పుడు బోరు పని (అరిగిన సిలిండర్లను మళ్లీ చెక్కించడం) గురించి ఆలోచించాల్సి రావచ్చు.

ఏ సీల్ పనికైనా బండి ఇచ్చే ముందు ఈ పరీక్ష చేసి ఇవ్వండి.

హెడ్ కవర్ ప్యాకింగ్ ఇంట్లో నేనే మార్చుకోవచ్చా?

సాకెట్ సెట్ ఉండి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ ఉంటే హాయిగా చేసుకోవచ్చు. పాత చిన్న పెట్రోల్ కార్లలో హెడ్ కవర్ పైకే కనిపిస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయండి. ప్లగ్ వైర్లకు టేపు అంటించి నంబర్లు వేయండి, ఏది ఏ సిలిండర్‌దో తర్వాత గుర్తుండదు. విప్పే ముందే కవర్ చుట్టూ ఉన్న ఇసుక, దుమ్ము బ్రష్‌తో ఊడ్చేయండి. లేకపోతే అదంతా నేరుగా క్యామ్ మీద పడుతుంది. బోల్టులు తీశాక కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి లేపొద్దు, మెత్తటి అల్యూమినియం అంచు మీద గాటు పడుతుంది. రబ్బరు సుత్తితో పక్కల నుంచి తట్టండి.

పాత ప్యాకింగ్ చేతిలోకి వచ్చాక దాన్ని వంచి చూడండి. మెత్తగా ఉండాల్సిన రబ్బరు అప్పడంలా ఫట్‌మని విరుగుతుంది. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, ఎటు నొక్కితే అటు ఒదిగే గుణం పోయింది కాబట్టే లీక్. కవర్ గాడిలో ఇరుక్కున్న ముక్కల్ని ప్లాస్టిక్ పుల్లతో గీకి తీయండి. రెండు అంచులూ జిడ్డు లేకుండా తుడవండి.

కొత్త రబ్బరు ప్యాకింగ్‌కు పేస్ట్ అక్కర్లేదు. క్యామ్ చివర్లలో అర్ధచంద్రం ఆకారంలో ఉన్న మూలలు, రెండు భాగాలు కలిసే అతుకులు ఉంటే, అక్కడ మాత్రం బియ్యపుగింజంత సిలికాన్ పెట్టాలి. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. ఇవి చాలా చిన్న బోల్టులు. పది న్యూటన్ మీటర్ల దగ్గర్లోనే ఆగిపోవాలి, మీ కారు మాన్యువల్‌లో కచ్చితమైన అంకె ఉంటుంది. లీక్ ఆగాలని బలం చూపిస్తే కవర్ వంగుతుంది, ప్లాస్టిక్‌దైతే పగులుతుంది, లేదా బోల్టు తెగి సగం హెడ్‌లో ఉండిపోతుంది. ఇక ఆ ముక్క తీయించడానికి లేత్ షాపు చుట్టూ తిరగాలి.

ప్లగ్గులు కవర్ మధ్యలోంచి లోపలికి దిగే ఇంజిన్లలో ఆ గొట్టాల చుట్టూ ఉండే రింగులు కూడా ఇప్పుడే మార్చండి. అవి పోతే ప్లగ్గు గుంతలో ఆయిల్ నిండి బండి కొట్టుకుంటుంది, చెక్ ఇంజిన్ లైటు వస్తుంది. మెకానిక్ కాయిల్ మార్చమంటాడు, అసలు కారణం ఇక్కడ ఉంటుంది.

అంత పని ఎందుకు, బయట నుంచి అనబాండ్ పూసేస్తే?

మన షెడ్లలో ఏ సిలికాన్ పేస్టునైనా అనబాండ్ అనే అంటారు. జిడ్డు ఉన్న చోట ఏ పేస్టూ పట్టదు. లోపలి నుంచి వచ్చే ఆయిల్ దాన్ని వారం తిరక్కుండానే లేపేస్తుంది.

చాంబర్ అతికేటప్పుడు మాత్రం చాలా ఇంజిన్లలో సిలికానే ప్యాకింగ్. కంపెనీ అమర్చేది కూడా అలాగే. అక్కడ సమస్య ఎక్కువ పూయడం. చాంబర్ బిగించినప్పుడు అదనపు పేస్ట్ బయటికే కాదు, లోపలికీ పిండుకుంటుంది. లోపలి అంచున తీగలా వేలాడి, వేడి ఆయిల్ తగిలి తగిలి తెగి పడుతుంది. పంపు ఆయిల్ పీల్చే చోట ఒక జల్లెడ ఉంటుంది. పాత ఇంజిన్లు విప్పినప్పుడు ఆ జల్లెడకు నల్లటి మసి, దాని మధ్య బూడిదరంగు సిలికాన్ తునకలు అతుక్కుని సగం కన్నాలు మూసుకుపోయి కనిపిస్తాయి. లీక్ ఆపబోయి ఇంజిన్‌కు ఆయిల్ అందకుండా చేసినట్టయింది. మూడు మిల్లీమీటర్ల సన్నటి గీత, బోల్టు రంధ్రాలకు లోపలివైపు నుంచి ఆపకుండా వేస్తే చాలు. ఆయిల్ పోసే ముందు ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. వీలైతే రాత్రంతా వదిలేయండి.

లీక్ టైమింగ్ బెల్ట్ వైపు ఉంది. బెల్ట్ కూడా మార్చాలా?

మార్చాలి. ఆయిల్ తగిలిన బెల్టు రబ్బరు ఉబ్బి, పళ్లు ఊడతాయి. కొన్ని ఇంజిన్లలో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మారుతి 800, 800 సీసీ ఆల్టో, పాత 1.1 శాంత్రోల్లో బెల్టే ఉంటుంది. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లలో, స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీజిల్‌లో చైన్ ఉంటుంది. చైన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది కాబట్టి దానికి ఆయిల్ తగలడం సమస్య కాదు. అక్కడ చూడాల్సింది టైమింగ్ కవర్ అతుకు.

క్రాంక్ ముందు సీల్, క్యామ్ సీల్, బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ అన్నీ ఒకేసారి మార్పించుకోండి. విప్పే కూలి ఒక్కసారే పడుతుంది. నీళ్ల పంపు కూడా ఆ బెల్ట్ మీదే తిరిగే ఇంజిన్ అయితే దాని సంగతీ అప్పుడే తేల్చేయండి.

షాఫ్ట్ మీద పాత సీల్ అంచు రాసుకుని గాడి పడిందేమో గోరు పెట్టి చూడమనండి. గోరు ఆగితే కొత్త సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టాలి, లేదా పల్చటి స్టీల్ స్లీవ్ తొడగాలి. అదే చోట కొడితే కొత్త సీలూ కారుతుంది.

క్రాంక్ వెనక సీల్‌కు గేర్‌బాక్స్ దింపాలంటున్నారు. నిజమేనా?

నిజమే. సీల్ ఖరీదు వందల్లోనే, కూలి వేలల్లో. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య కింది కన్నం నుంచి ఆయిల్ పడుతుంటే దీని మీద అనుమానం. ఒప్పుకునే ముందు పైన చెప్పినట్టు హెడ్ కవర్ వెనక అంచు, డిస్ట్రిబ్యూటర్, బ్రీదర్ చూశారో లేదో అడగండి. పడేది గేర్ ఆయిలేమో వాసన కూడా చూడండి. అదైతే మారాల్సింది గేర్‌బాక్స్ సీల్.

క్లచ్ జారడం మొదలై ఉంటే ఆయిల్ ప్లేటు దాకా వెళ్లినట్టు. ఆయిల్ తాగిన ప్లేటును కడిగి వాడాలని చూడొద్దు. లీక్ చిన్నదై, క్లచ్ ఎలాగూ ఏడాదిలో మార్చాల్సి ఉంటే, అప్పటిదాకా ఆయిల్ చూసుకుంటూ నడిపి రెండూ కలిపి చేయించడం తెలివైన పని.

చిక్కటి ఆయిల్ పోస్తే లీక్ తగ్గుతుందట కదా?

పాత మారుతి 800కు 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడులు మన ఎండల్లో నడిచిపోతాయి. 5డబ్ల్యూ-30 కోసం చేసిన ఇంజిన్లో, ముఖ్యంగా వాల్వ్ టైమింగ్‌ను ఆయిల్ ఒత్తిడితో మార్చే ఇంజిన్లో, అంత చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా చేరడానికి సమయం పడుతుంది. మాన్యువల్ అనుమతించిన గ్రేడుల్లో చిక్కనిది ఎంచుకోండి, అది దాటొద్దు.

లీక్ ఆపే మందుల సీసాలు గట్టిపడిన రబ్బరును కొద్దిగా ఉబ్బించి మెత్తబరుస్తాయి. క్రాంక్ వెనక సీల్ చెమర్చే దశలో ఉంటే కొన్నాళ్లు పనిచేయొచ్చు. చిరిగిన ప్యాకింగ్‌కు, గాడిపడ్డ షాఫ్ట్‌కు వాటితో ఏమీ కాదు.

సింథటిక్ ఆయిల్ పోశాకే లీక్ మొదలైంది. అది సీళ్లను తినేసిందా?

ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు సీళ్లను పాడుచేయవు. సీల్ ముందే పోయి ఉంటుంది, పాత మడ్డి ఆ సందును పూడ్చి ఉంటుంది. కొత్త ఆయిల్ శుభ్రం చేసేసరికి సందు బయటపడింది.

నేల మీద చుక్క లేదు, ఆయిల్ మాత్రం తగ్గిపోతోంది?

లోపల కాలిపోతోంది, లేదా నడుస్తున్నప్పుడు మాత్రమే కారుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు. డీజిల్ బండిలో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడండి. లోపల పల్చటి జిడ్డు మామూలే, ఆయిల్ నిలిచి ఉంటే టర్బో చూపించాలి. దాన్ని వాయిదా వేయొద్దు. ఆ ఆయిలే ఇంధనంగా మారి ఇంజిన్ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం డీజిల్‌కు ఉంది.

ఆయిల్ మూత కింద కాఫీ రంగు నురుగు కనిపించి, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ప్యాకింగ్) మీద అనుమానం. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి చలికాలంలో మూత కింద కాస్త తెల్లటి పొర కడుతుంది. కూలెంట్ తగ్గకపోతే అది తేమే.

కాలిన వాసన వస్తోంది కానీ పొగ లేదు. నడపొచ్చా?

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీ గాలిలో కాలిన ఆయిల్ వాసన వస్తే, సాధారణంగా హెడ్ కవర్ నుంచి చుక్కలు మానిఫోల్డ్ మీద పడుతున్నాయని అర్థం. ఇంజిన్ ఆయిల్ ఆవిర్లు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక అంటుకోగలవు. ఎక్కువసేపు గట్టిగా నడిపిన ఇంజిన్ మానిఫోల్డ్ అంతకన్నా వేడిగా ఉంటుంది. షెడ్డు దాకా నడపండి, ఘాట్ రోడ్డు ప్రయాణాలు పెట్టుకోకండి.

స్పీడ్ బ్రేకర్‌కు చాంబర్ తగిలింది. ఆయిల్ కారుతోంది.

ఇంజిన్ ఆపి కిందికి చూడండి. ధారగా కారుతుంటే టోయింగ్ తప్ప వేరే దారి లేదు. సన్నటి పగులైతే, ఆయిల్ దింపి, ఆ చోటు పెట్రోల్‌తో జిడ్డు పోయేలా తుడిచి, గీకి, ఎం-సీల్ లాంటి ఎపాక్సీ పెట్టి గట్టిపడ్డాక ఊరు చేరవచ్చు. అది ఊరు చేరడానికే. రేకు చాంబర్ సొట్ట పడితే లీక్ లేకపోయినా విప్పించండి, సొట్ట లోపలి జల్లెడకు ఆనుకుంటే ఆయిల్ పీల్చడం తగ్గుతుంది.

కింద దూరి చూడటానికి కారుతో వచ్చిన జాకీ సరిపోతుందా?

సరిపోదు. అది టైరు మార్చడానికి. దాని మీద నిలబడ్డ కారు కిందికి తల కూడా పెట్టొద్దు. జాకీ స్టాండులు కొనుక్కోండి, లేదా పిట్ ఉన్న సర్వీసింగ్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

సీళ్లు ఎక్కడ కొనాలి?

కంపెనీ స్పేర్ పార్ట్స్ దుకాణంలో మీ కారు మోడల్, తయారీ సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి తీసుకోవడం మంచిది. అక్కడ దొరకని పాత మోడళ్లకు విజయవాడ ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ ఉన్నాయి. పాత సీల్ పారేయకుండా పట్టుకెళ్లండి. దాని మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం సాధారణంగా మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటాయి. కొన్నిటి మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తు కూడా ఉంటుంది, అది ఎదురైతే కొత్తదీ కారుతుంది.

పదిహేనేళ్ల బండికి ఇంత ఖర్చు దండగ కాదా?

ఏ లీక్ అన్నదాన్ని బట్టి. హెడ్ కవర్, స్విచ్, వాషర్ అయితే ఆలోచించాల్సిన పనే లేదు. రింగులు అరిగి బోరు పనికి వచ్చి, బాడీ కూడా తుప్పు పట్టి ఉంటే అమ్మేయడమే నయం. మన రెండు రాష్ట్రాల్లో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ కార్లను వయసు చూసి ఆపే నిబంధన లేదు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగిశాక, తనిఖీలో పాసైతే ఐదేళ్లకు పొడిగిస్తారు. ఆ తనిఖీకి ముందే లీక్ పని పూర్తి చేసుకోండి.

అమెరికాలో చదువుకుంటున్నాను. పాత క్యామ్రీ కొన్నాను, ఆయిల్ తగ్గుతోంది.

2007-2009 మధ్య వచ్చిన 2.4 లీటర్ల క్యామ్రీ అయితే లీక్ కోసం వెతికే ముందు రింగుల సంగతి తెలుసుకో. ఆ ఇంజిన్ ఆయిల్ తాగడంలో పేరుమోసింది. కింద తడి లేకపోతే ప్రతి వారం డిప్‌స్టిక్ చూసి పోసుకుంటూ చదువు అయ్యేదాకా నడిపేయొచ్చు. అక్కడ కూలి గంటల లెక్కన పడుతుంది కాబట్టి హెడ్ కవర్ లాంటి పనులు స్నేహితులు కలిసి చేసుకుంటే బాగా మిగులుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లకు అనుమతి ఉందో లేదో లీజులో చూసుకో.

దింపిన పాత ఆయిల్, నేల మీద మరకలు ఏం చేయాలి?

వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. కాలువలో పోయడం, చెదలు పట్టకుండా కర్రలకు పూయడం రెండూ మానేయండి. మూత ఉన్న డబ్బాలో పోసి, రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. అమెరికాలో చాలా ఆటో పార్ట్స్ దుకాణాలు ఉచితంగా తీసుకుంటాయి.

సిమెంటు నేల మీద తడి మరకైతే రంపపు పొట్టో, పొడి సిమెంటో చల్లి, కాలితో రుద్ది రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ఊడ్చి, బట్టల సబ్బు పొడి, వేడినీళ్లు వేసి గట్టి బ్రష్‌తో తోమండి. పాత మరక ఒక్కసారికి పోదు, రెండు మూడు సార్లు చేయాలి. ఊడ్చిన పొట్టును చెత్తబుట్టలో మిగతా చెత్తతో కలపకుండా విడిగా కట్టి, ఆయిల్ డబ్బాతో పాటే ఇచ్చేయండి.